గ్రేడింగ్ యంత్రానికి దిష్టి

"కూకుని పప్పు ఏరడం కూడా పనేటే?" అని త్రినాథ్ పెళ్లయిన కొత్తలో భార్య కుసుమను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆమె ఇన్నేళ్లూ పలాస జీడి ఫ్యాక్టరీలో బల్ల ముందు కూర్చునే చెబుతూ వచ్చింది. తెల్లవారకముందే అంట్లు తోమి, అన్నం వార్చి, అత్త వరహాలమ్మ చేత కిడ్నీ మాత్రలు మింగించి, ఉద్దానం కొబ్బరితోటల్లోంచి ఆటో ఎక్కేది. బల్ల దగ్గర మాత్రం గుండు, బద్ద, ముక్క, మచ్చపడిన పప్పు ఆమె వేళ్ల తీర్పుకు తలవంచి వేర్వేరు తట్టల్లోకి నడిచేవి. కూరలో ఉప్పెంత వేయాలో కూడా అత్తనడగవలసిన ఇల్లాలికి అదొక సామ్రాజ్యం.

ఈ ఏడాది ఆ సామ్రాజ్యానికి చక్రవర్తి వేంచేశాడు. ఉక్కు దేహం, కెమెరా కళ్లు, కృత్రిమ మేధ. ప్రభువులవారికి అన్నీ ఉన్నాయి గాని, మచ్చకూ నీడకూ తేడా తెలియదు. ఆ విద్య గరపడానికి యజమాని సోమేశ్వరరావు కుసుమను రాజగురువుగా నియమించాడు. ఆమె ఏరుతుంటే యంత్రం చూసి నేర్చుకునేది. తప్పితే ఆమె దిద్దేది. "కుసుమా, నీ కళ్లే దీనికి పెట్టినాం" అన్నాడాయన ఒకనాడు. ఆ మెప్పును ఆమె ప్రసాదంలా ఇంటికి తెచ్చింది. ఎవరూ చెయ్యి చాపలేదు.

ప్రారంభోత్సవం నాడు ఆడవాళ్లకు ఒకటే బెంగ: ఇంత నేర్చిన బిడ్డకు దిష్టి తగలదా? తోటి కూలీ మంగ యంత్రానికి పసుపు రాసింది. కుసుమ గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి, "ఊరోల్ల కల్లు, ఇంటోల్ల కల్లు, నా కల్లు పోవాల" అంటూ నిప్పుల్లో వేసింది.

మరుసటి వారం బల్లలు తీసేశారు.

"కంపెనీ విలువ రెండింతలయిందమ్మా, అంతా మీ చలవే" అని సోమేశ్వరరావు చేతులు జోడించి మరీ పనిలోంచి సాగనంపాడు.

"మరి మేమేటి సెయ్యాల బాబూ?" అంది మంగ.

ఆయన వాచీ చూసుకున్నాడు.

ఇంట్లో త్రినాథ్ శాంతమూర్తిలా విన్నాడు. "పోన్లే, ఇంట్లో బోల్డు పనుంది గదా, సేసుకో." ఇంట్లో పనేముందని ఇన్నాళ్లూ అడిగిన మనిషికి ఒక్క పూటలో అంత పని కనబడినందుకు ఆమెకు నవ్వు కూడా రాలేదు. దొడ్లో అంట్ల ముందు కూర్చుంది. పక్కనే నులకమంచం మీద వరహాలమ్మ.

"అత్తా, ఈ పన్లు నేర్సుకోడానికి ఏ మిసనూ రాదేటి?"

జీవితమంతా ఆ దొడ్లోనే తోమిన ముసలామె కోడలిని జాలిగా చూసింది.

"మిసను ఊరికే సేత్తాదేటే? దానికి కరెంటు బిల్లు కట్టాల. నీకేటి కట్టాల?"