చుక్కలు అరిగిన పిట్ట

అమెరికాలో మేముండే నోవైలో కాకులు లేక కాదు. ఇండియన్ స్టోర్ వెనక పార్కింగ్ లాట్‌లో చలికాలమంతా గుంపులుగా ఉంటాయి. మా ఇంటి వెనక చెక్క డెక్ మీదికి మాత్రం రావు.

మా ఆయన దివాకర్ అక్టోబరులో పోయాడు. మాకు పిల్లలు లేరు. ఐప్యాడ్‌లో పంతులుగారు మంత్రం చెబుతుంటే, ప్రతి నెలా తిథినాడు కొడుక్కి తండ్రే పిండం పెడుతున్నారు. మా మామగారు భీమశంకరం గారికి షుగరు. అయినా కాకి ముట్టేదాకా ఆయన ఏమీ తినరు. జనవరిలో సాయంత్రం దాకా చూసి చూసి డెక్ మీదే కళ్లు తిరిగి పడిపోయారు. నేను జ్యూసు పట్టిస్తే తేరుకుని, "వచ్చిందా?" అని అడిగారు.

వచ్చేది స్టార్లింగ్. మన గోరింకల జాతే. చలికాలంలో ఒళ్లంతా తెల్లచుక్కలు, నల్లటి ముక్కు. అన్నం కనబడగానే గుంపుగా దిగేవి. ఆయన మంచు తీసే పార ఎత్తి తరిమేవారు.

"పోనీ తిననివ్వండి, మామయ్యగారూ."

"ఈ చుక్కల పిట్టలకా? పిండం కాకికే, అమ్మాయ్. నీ సైన్సు నీ స్కూల్లో చెప్పుకో."

స్కూల్లో పిల్లలు వింటారు.

ఏప్రిల్ మాసికానికి దివాకర్ స్నేహితుడు శ్యామ్‌సుందర్ వచ్చాడు. మధ్యాహ్నం దాటింది. మామయ్యగారి చేతులు వణకడం మొదలైంది. నేను జ్యూసు గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. అంతలో రెయిలింగ్ మీద ఒక నల్లపిట్ట వాలింది.

"అంకుల్! కాకి!" శ్యామ్‌సుందర్ అప్పుడే ఫోన్ తీశాడు. "ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేస్తున్నా."

మామయ్యగారు కళ్లు చికిలించారు. "ఇంత చిన్నదేమిట్రా?"

"అమెరికా కాకి కదా అంకుల్, చిన్న సైజ్."

"ఇక్కడ వంకాయే తలకాయంత ఉంటుంది. కాకి ఒక్కటీ చిక్కిపోయిందా?" ఆయన నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. కాకేనా?"

శ్యామ్‌సుందర్ ఆయన వెనక నిలబడి, అవునని చెప్పమన్నట్టు తల ఊపుతున్నాడు. అవునంటే ఆయన లేచి అన్నం తింటారు. కాదంటే ఇంకెంతసేపు కూర్చుంటారో తెలియదు. ఈ ఆరు నెలలుగా అందరూ నాకు మంచి మాటలే చెబుతున్నారు. వాటిలో ఒక్కటీ నాకు పనికిరాలేదు.

"కాదు మామయ్యగారూ. స్టార్లింగే."

"అబ్బా, వదినా..." అన్నాడు శ్యామ్‌సుందర్.

"మరి చుక్కలేవి?"

"అవి ఈకల కొసలు. చలికాలమంతా రాపిడికి అరిగిపోతాయి. అడుగున ఉన్న నలుపు బయటపడుతుంది. ఎండలో చూడండి, ఆకుపచ్చ, ఊదా మెరుస్తాయి. ముక్కు కూడా ఇప్పుడు పసుపురంగుకి తిరిగింది."

ఆయన ముందుకి వంగి పిట్టని చూశారు.

"అంటే నేను పారతో తరిమింది దీన్నేనా?"

"ఇదే పిట్ట అని చెప్పలేను. ఆ జాతి పిట్టే అని చెప్పగలను."

"ప్రతి నెలా వచ్చాయి కదూ?"

"ప్రతి నెలా వచ్చాయి."

పిట్ట కిందికి దిగింది. గెంతకుండా, గబగబా నడుచుకుంటూ విస్తరి దగ్గరికి వెళ్లింది. మూసిన ముక్కు పిండంలోకి దూర్చి, లోపల తెరిచింది. పిండం విచ్చిపోయి మెతుకులు డెక్ అంతా చెదిరాయి. మామయ్యగారు కదల్లేదు.

"తిననీ," అన్నారు. "వాడూ ఇంతే. వడ్డన అయ్యేదాకా ఆగేవాడు కాదు."

నేను గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లి ఆయనకి కంచం పెట్టాను.

"వదినా, కాకి ఫోటోకి ఇరవై లైకులు," అన్నాడు శ్యామ్‌సుందర్ సోఫాలోంచి.

"అది కాకి కాదు, శ్యామ్."

"ఇప్పుడు డిలీట్ చేస్తే బాగోదు వదినా, అందరూ దండాలు పెట్టారు."

ఇక వాదించే ఓపిక లేకపోయింది. మామయ్యగారు పప్పు వేసుకున్నారు. ఉప్పు తక్కువైందని విసుక్కుని, మళ్లీ అన్నం పెట్టమన్నారు.