ఆరని అతుకు

ఎడపల్లి కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయి కింది పొలాలకు నీళ్లు అందడం మానేశాక, ఆదివారాలు ఊరివాళ్లే పూనుకుని దాన్ని తీయడం మొదలుపెట్టారు. లోతున్న చోట మనిషి దిగలేడు. అందుకని పోచంపాడ్ జాలరుల దగ్గర పాత ఫైబర్ పడవ ఒకటి అడిగి తెచ్చుకున్నారు. దాని బాగోగులు సుకన్య మీద పడ్డాయి. ఆమెది పసుపు పండించే ఇల్లు. పడవల సంగతి ఆమెకేం తెలియదు. జాలరులు చెప్పిన జాగ్రత్తలు చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పని ఆమెకే వచ్చింది.

శనివారం పడవను బోర్లించి కడుగుతుంటే అడుగున సన్నటి పగులు కనబడింది. గరుకు కాగితంతో రుద్ది, రెజిన్ జిగురు పూసి, ఫైబర్ గుడ్డ అతికించింది. మర్నాడు పొద్దున వేలితో నొక్కి చూస్తే ఇంకా కొంచెం అంటుకుంటోంది.

"ఇయ్యాల పడవ దింపొద్దు రావుగారూ. అతుకు ఆరలే."

చెన్నకేశవరావు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో పెద్దాయన. మనుషులను పోగేసి ఈ పని మొదలుపెట్టించింది ఆయనే. "ఎండ చూడమ్మాయ్, ఎట్టా కాస్తందో! కాసేపట్లో రాయైపోద్ది. ఇంతమంది వచ్చారు, వెనక్కి పంపిస్తామా?"

గట్టు మీద కొడవళ్లూ దంతెలూ పట్టుకుని నిలబడ్డవాళ్లను సుకన్య చూసింది. "సరే, దింపుదాం," అంది. ఎక్కేవాళ్లకు లైఫ్ జాకెట్లు మాత్రం తొడిగించింది.

వెనక గెడతో పడవ నెట్టేది లింబాద్రి, మధ్యలో రావుగారు, ముందు సుకన్య. కోసిన డెక్కను లాగి వేస్తుంటే పడవలో కుప్ప నడుమెత్తు పెరిగింది. ఎండ నెత్తి మీదికొచ్చే వేళకు సుకన్య పాదాలకు చల్లగా తగిలింది. డెక్క నుంచి కారే నీళ్లే అనుకుంది. ఇంకాసేపటికి చీలమండలు మునిగాయి. అతుకు వదిలిందని అర్థమైంది. పడవ అంచుకూ కాలువ నీళ్లకూ మధ్య జానెడు కూడా లేదు.

"లింబాద్రీ, ఆపు. డెక్కంత పారేయాలె."

"పారేయడమేంటి?" రావుగారు గయ్యిమన్నారు. "గట్టు అదిగో, కనపడతానే ఉంది. పొద్దుట్నుంచీ పీకింది మళ్లా నీళ్లల్లో పోస్తావా?"

"గట్టు దాంక పోదు. మునుగుతది."

ఆయన లేవబోయారు. పడవ ఒక పక్కకు ఒరిగి అంచు మీంచి నీళ్లు లోపలికొచ్చాయి.

"కూసోండ్రి!" అని సుకన్య అరిచింది. తండ్రి వయసు మనిషి మీద అట్లా అరవడం ఆమెకు అదే మొదలు. ఆయన చతికిలబడ్డారు. ఆమె డెక్కను చేతుల నిండా ఎత్తి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, పడవ ఒరగకుండా పారేసింది. కొంతసేపు చూసి రావుగారు డబ్బా అందుకుని నీళ్లు తోడసాగారు.

వాళ్లు గట్టు చేరారు. పారేసిన డెక్క మాత్రం తేలుతూ పోయి, కింది పొలాలకు నీళ్లు వదిలే, కిందటి వారమే శుభ్రం చేసిన తూము నోటికి అడ్డం పడింది.

"గిదేం పనక్కా?" అన్నాడు గట్టు మీదున్న నర్సన్న. "కష్టమంత నీళ్లల్ల కలిపితివి."

రావుగారు ఏమైనా అంటారేమోనని సుకన్య చూసింది. ఆయన జాకెట్ విప్పి కొమ్మకు తగిలించి ఇంటిదారి పట్టారు.

"పడవల నీళ్లొచ్చినయన్నా. పారేయకుంటే మేం ముగ్గురం నడి కాలువల మునుగుతుంటిమి," అని లింబాద్రి చెప్పాడు. నర్సన్న పడవలోకి తొంగి చూసి, డబ్బా అందుకుని మిగిలిన నీళ్లు తోడసాగాడు.

డెక్క పారేసినందుకు సుకన్య బాధపడలేదు. వేలికి అంటుకున్న అతుకును చూసి కూడా పొద్దున మాట మార్చుకున్నందుకే ఆమెకు చాలాసేపు మనసు బాగాలేదు. మర్నాడు ఆ అతుకు గీకేసి కొత్తది వేసింది. గోటితో గీరినా గీత పడనంత గట్టిపడ్డాక, పడవను దిమ్మెల మీదికెత్తించి, లోపల నీళ్లు పోసి, అడుగున చుక్క కారుతుందేమో చూసింది. కారలేదు.

మళ్లీ ఆదివారం ఆమె వెళ్లేసరికే రావుగారు తూము దగ్గర ఒడ్డున నిలబడి దంతెతో డెక్క లాగుతున్నారు.

"దింపుదామా అమ్మాయ్?"

"దింపుదాం. కానీ డెక్క అంచు దాటి ఎత్తు పెరగొద్దు."

"సరే, నువ్వు చెప్పినట్టే."

ఆ రోజు తూము సగమే తెరుచుకుంది. కింది పొలాలకు నీళ్లు అందడానికి ఇంకొన్ని ఆదివారాలు పట్టింది.