పొట్టు పొయ్యి, పక్కింటి పళ్ళెం

తొమ్మిదేళ్ళుగా నన్నొక సందేహం పీడిస్తోంది. మా ఇలవేల్పు పునీత నికోలా పండుగనాడు నా బల్ల చుట్టాలతో నిండాలని మొక్కుకునేది ఆయన మీద భక్తితోనా, వాళ్ళు పక్కింటి వితోమిర్ దగ్గరికి పోకూడదనా?

మా సెర్బియాలో ఇంటికొక పునీతుడు ఇలవేల్పు; ఆయన పండుగనాడు చుట్టాలందరికీ ఆ ఇంట్లోనే విందు. మా ఇల్లు రెండు గదులు. ఇరవైమంది కూర్చునే బల్ల పట్టేది పెరట్లో విడిగా ఉన్న గ్యారేజీలోనే. కారు ఎప్పుడో అమ్మేశాం. డిసెంబరు చలికి ఆ ఇటుక గోడలకు లోపలివైపు కూడా మంచు పడుతుంది. కరెంటు హీటరు పెడితే బిల్లు కట్టలేను. అందుకని పాత నూనె పీపాతో రంపపు పొట్టు పొయ్యి చేసుకున్నాను. పొట్టు కోత మిల్లువాళ్ళు ఊరికే ఇస్తారు. పీపా మధ్యలో కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, కర్ర లాగేస్తే నిలువునా తొర్ర మిగులుతుంది. కింది రంధ్రంలోంచి అంటిస్తే సాయంత్రం దాకా కాలాలి. వితోమిర్‌ది కాలుతుంది. నాది కూలి, అరగంట పొగ చిమ్మి ఆరిపోతుంది. ఇద్దరిదీ అదే మిల్లు పొట్టు, అలాంటి పీపానే.

శీతాకాలమంతా వీధి మగవాళ్ళు అతని గ్యారేజీలో చొక్కా చేతులు మడుచుకుని పేకాడతారు. మా కుక్క కూడా అక్కడే పడుకుంటుంది.

"నువ్వూ ఒక పూట పడుకుని రాకూడదూ? కిటుకేమిటో కుక్కకి తెలిసిపోయినట్టుంది," అంది నా భార్య దెసాంక.

నిరుడు పండుగనాడు చుట్టాలు పొగకి కళ్ళు తుడుచుకుంటూ, చేపల పళ్ళేలతో ఒక్కొక్కరే కంచె దాటారు. నా పండుగ అతని పొయ్యి దగ్గర జరిగింది.

ఇంకొకటుంది. తొమ్మిదేళ్ళ కిందట వితోమిర్ ఇలవేల్పు పండుగకి నేను కుళ్ళుతో వెళ్ళలేదు. అతనే నీలం అంచు పళ్ళెంలో, పండుగకి వండే తీపి గోధుమలు పంపాడు. మా సెర్బియా పల్లెల్లో పక్కింటి పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఆ ఇంటికి నా చేత్తో తీపి మోసుకెళ్ళడానికి మనసొప్పక, అది మా అలమరలోనే ఉండిపోయింది.

ఈ ఏడు పండుగ ఉదయం పొట్టు రెండుసార్లు కూలింది. పదకొండింటికి ఫాదరు గారు పండుగ రొట్టె కోయడానికి వస్తారు. దెసాంక కంచె వైపు చూసింది. నేను నికోలా పటం వైపు చూశాను. ఆయనా కంచె వైపే చూస్తున్నట్టు అనిపించింది.

వెళ్ళి అడిగాను. గడ్డం గీసుకుంటున్న వితోమిర్ సగం ముఖం నురగతోనే మా గ్యారేజీకి వచ్చి, నా కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"పార కర్రా?"

"అవును."

"పైనా కిందా ఒకటే లావు. వచ్చేటప్పుడు పొట్టునీ లాక్కొస్తుంది, బ్లాగోయే," అన్నాడు నన్ను పేరుతో పిలిచి.

తన ఇంట్లోంచి, కింద సన్నగా చెక్కిన కర్ర తెచ్చి దానికి సబ్బు రాసి పీపాలో నిలబెట్టాడు. నాలుగు వేళ్ళ మందం పొట్టు పోసి గట్టిగా దిమ్మిస కొట్టాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ కూరాడు. నేను ఇన్నేళ్ళూ నిండా పోసి పైనుంచి తొక్కేవాణ్ణి. చివరికి కర్రని రెండు తిప్పులు తిప్పి లాగాడు. తొర్ర బావిలా నిలిచింది.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్తే ఎకసెక్కం అనుకునేవాడివి. నువ్వు మాత్రం అడిగావా? మా ఆవిడ పళ్ళెం గురించి నేనడిగానా?"

పొయ్యి అంటించకముందే నా చెవులు వేడెక్కాయి. అతను మిగతా సగం గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఫాదరు గారు నాతో కలిసి రొట్టె తిప్పి కోశారు. చుట్టాలు కోట్లు విప్పారు. ఎవరూ కంచె దాటలేదు. "వితోమిర్ చెయ్యి పడితే అంతే మరి," అన్నాడు మా బావమరిది రదోయె, నా పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ. పాత ముల్లు మళ్ళీ కదిలింది. ఈసారైనా నికోలా దాన్ని పీకేస్తాడనుకున్నాను. పీకలేదు. అది నేను చేసుకోవలసిన పనేమో.

లేచి వెళ్ళి అలమర తెరిచాను. నీలం అంచు పళ్ళెం కడిగి, మా తీపి గోధుమలు గోపురంలా పోసి, పైన అక్రోటు పొడి చల్లి, కంచె దాటాను. వితోమిర్ భార్య తలుపు తీసింది.

"గడ్డం అయితే ఆయన్ని రమ్మనమ్మా, నువ్వూ రా. చోటు ఉంచాను," అని పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టాను.