ముప్పై ఏడున్నర దగ్గర ఇద్దరు వియ్యంకులు

ఆమె హేచరీలో పొదిగే యంత్రం ఒక్కటే. ఆరువందల కోడిగుడ్లు పడతాయి. దాన్ని స్వయంగా చేసిచ్చింది ఆమె మామగారు, నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన మెకానిక్. దాని పక్కనే కుర్చీ వేసుకుని ఆయనతో రోజూ వాదన పెట్టుకునేది ఆమె నాన్న, రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. తమాషా ఏంటంటే, దేవుడున్నాడనేది మాస్టారు, లేడనేది మెకానిక్. కొత్తగా విన్నవాళ్లకి కాసేపు తికమకే.

గురుత్వాకర్షణ కాస్త ఎక్కువైతే నక్షత్రాలు గబగబా మండి ఆరిపోయేవనీ, మరీ తక్కువైతే అసలు వెలిగేవే కావనీ మాస్టారి లెక్క. ఇన్ని అంకెలు ఇంత పొందిగ్గా కుదిరాయంటే, కుదిర్చిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుందని ఆయన పట్టు.

"బావగారూ, నేను పెట్టె చేస్తే లోపలంతా గుడ్లే," అనేవాడు మెకానిక్. "మీ దేవుడు ఇంత పెద్ద పెట్టె చేసి, మూల ఒక్క గుడ్డు పెట్టి, మిగతాదంతా గడ్డకట్టే చీకటి వదిలేశాడు. నా షెడ్డులో ఎవడైనా ఇలా చేసుంటే విప్పించి మళ్లీ చేయించేవాణ్ణి."

పెట్టె అంత పెద్దది, అంత పాతది కాకపోతే ఆ ఒక్క గుడ్డూ పిల్లయ్యేది కాదని మాస్టారు మళ్లీ మొదటికొచ్చేవాడు. ఆమె నవ్వుకుంటూ ట్రేలు కడుక్కునేది.

గుడ్లు పెట్టిన పదిహేనో రోజు పొద్దున ఆమె తలుపు తీసి చూసింది. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాల్సిన మీటరు ముప్పై మూడు చూపిస్తోంది. హీటరుని దానంతటదే వేసి ఆర్పే స్విచ్చు కాలిపోయింది. కొత్తది సాయంత్రానికిగాని రాదన్నారు షాపువాళ్లు.

మామగారు వెంటనే హీటరుకి విడిగా తీగ లాగి, చేత్తో వేసి ఆర్పే స్విచ్చు బిగించాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మీటరు ముందు కూర్చున్నాడు. ఆయన అంకె చెప్పడం, ఈయన స్విచ్చు నొక్కడం. పావు డిగ్రీ ఎక్కితే ఆర్పు, పావు దిగితే వెయ్యి. అన్నం కూడా కుర్చీల్లోనే, వంతులేసుకుని తిన్నారు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా విశ్వం ఊసెత్తలేదు. ఆ నిశ్శబ్దానికే ఆమెకి ఎక్కువ భయమేసింది.

ఇరవై ఒకటో రోజు గుడ్లు చిట్లాయి. నాలుగువందల డెబ్బై పిల్లలు. సగమైనా దక్కవనుకున్న ఆమె ట్రే పట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది.

"చూశారా బావగారూ, దగ్గరుండి చూసుకునేవాడు ఒకడుండాలి," అన్నాడు మాస్టారు.

"అంత చలి తగిలినా బతికాయి. ప్రాణం మీరనుకున్నంత సుకుమారమేం కాదు," అన్నాడు మెకానిక్. తర్వాత కోడలివైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, ఎవరి మాట నెగ్గింది?" అని అడిగాడు.

స్విచ్చు కాలిన రోజు మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడి తను దణ్ణం పెట్టుకున్న మాట నిజం. ఆ మాటే చెప్పిందామె.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "ఎవరికి పెట్టావమ్మా?"

"తెలీదు నాన్నా. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా మీ ఇద్దరి వీపులే ఉన్నాయి."

ఇది ఎవరి ఖాతాలో పడాలో వియ్యంకులిద్దరికీ తోచలేదు. ముందుగా తేరుకున్న మెకానిక్, తడి ఆరని పిల్లనొకదాన్ని తీసి వియ్యంకుడి అరచేతిలో పెట్టాడు. అది అక్కడే బోర్లాపడి, లేచి, మళ్లీ పడి, పెద్దగా కిచకిచలాడింది.

"గొంతు మాత్రం మీదే బావగారూ," అన్నాడు.