నూలు ఫైలుకు కాపలా

నేను ఒక తాళంకప్పను. ఇత్తడి ఒళ్లు, ఉక్కు కొక్కెం, అరచేతికి నిండుగా సరిపోయే బరువు. పుట్టింది అలీగఢ్‌లో. నన్ను చేసిన ముసలి మేస్త్రీ నా సొంత తాళంచెవితో ఒకసారి తెరిచి చూశాడు. తర్వాత నావి కాని చెవులు నాలుగు పెట్టి తిప్పాడు. నేను ససేమిరా కదల్లేదు. అప్పుడు గానీ ఆయన మొహంలో నవ్వు రాలేదు. పుట్టగానే నాకు దక్కిన మెప్పు, కాదన్నందుకు దక్కింది. అందుకే ఎవరు దగ్గరికొచ్చినా ముందు అనుమానిస్తాను. అదే నా ఉద్యోగం, అదే నా బుద్ధి.

మొదట విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ గోదాముకి వేలాడాను. అక్కడి కాపలా ఆయన తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చి నాలుగోసారి లాగేవాడు. నన్ను నమ్మనివాడు నన్నెందుకు వేసినట్టో! ఆ గోదాము మూతపడ్డాక, పోర్టు రోడ్డులో విదేశీ వ్యాపార తగవులు విచారించే ఒక ఆఫీసుకి నన్ను పంపేశారు. ఉద్యోగులకే కాదు, మాకూ బదిలీలుంటాయి. అక్కడ రెండో అంతస్తులో ఇనప బీరువాకి పద్దెనిమిదేళ్లు ఉన్నాను.

ఆ బీరువా సంగతి చెప్పాలి. బయటిదేశం వాళ్లు సరుకు మరీ చవకగా తెచ్చి ఇక్కడ గుమ్మరిస్తే, మన మిల్లులవాళ్లు ఆ ఆఫీసుకి వచ్చి మొరపెట్టుకుంటారు. మొర నిజమని తేలితే ఆ సరుకు మీద అదనపు సుంకం పడుతుంది. అయితే మొరపెట్టుకునేవాడు తనకి సరుకు తయారీకి ఎంత పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. అది పోటీదారుడి చెవిన పడితే కొంప మునుగుతుంది. అందుకని ప్రతి దరఖాస్తుకీ రెండు ప్రతులు. అంకెలున్న ప్రతి బీరువాలో, నా కాపలాలో. అంకెల మీద నల్లసిరా పూసిన ప్రతి పక్కనే తలుపుల్లేని అరలో, ఎవరైనా అర్జీ పెట్టుకుని చదువుకోవచ్చు. ఆ అర వైపు నేను చూసేవాణ్ణే కాదు. తాళం లేనిచోట విలువైనది ఏముంటుంది?

నా చెవి సూపరింటెండెంటు బొడ్డేపల్లి సన్యాసిరావు గారి మొలతాడుకి ఉండేది. బీరువా తెరవాలంటే ఆయన గోడవైపు తిరిగి, చొక్కా ఎత్తి, ముడి విప్పేవారు. మహా పొదుపరి. వాడిన కవర్లు తిరగేసి అతికించి మళ్లీ వాడేవారు. కాగితం ఆదా చేసినందుకు ఆఫీసు ఆయనకిచ్చిన ప్రశంసాపత్రం పటం కట్టించి, కుర్చీ వెనకే తగిలించుకున్నారు.

మొన్న వేసవిలో లా చదివే పిల్లలకి ఆరు వారాల ఇంటర్న్‌షిప్ అని ఆ ఆఫీసు ఒక పథకం పెట్టింది. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆసక్తి ఉండాలట. వచ్చింది ఒక్కతే, మైలపల్లి నూకరత్నం. భీమిలి దగ్గర జాలారిపేట పిల్ల, నాలుగో సంవత్సరం. అప్పుడు నడుస్తున్న విచారణ చేపల వలల నైలాన్ నూలు మీద. చేరేరోజు ఇచ్చిన ఫారంలో, 'ఈ విచారణతో మీ కుటుంబానికి సంబంధం ఉందా' అన్న చోట ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో రాసింది: మా నాన్నకి వలలున్నాయి, విదేశీ నూలు చవకని అదే కొంటాడు.

సన్యాసిరావు గారు అది చదివి కళ్లజోడు పైనుంచి ఆమెను చూశారు. నేను కొక్కెం బిగించుకున్నాను. సుంకం పడితే వాళ్ల నాన్న వలల ఖరీదు పెరుగుతుంది. అలాంటి పిల్ల మిల్లువాళ్ల రహస్యాల పక్కన కూర్చుంటుందా! ఆమె పెందరాళే రావడం నాకు అనుమానమే, ఆలస్యంగా వెళ్లడం అనుమానమే. బీరువా వైపు చూస్తే కన్నేసిందనుకున్నాను, చూడకపోతే నటిస్తోందనుకున్నాను.

మూడోవారంలో ఒక మధ్యాహ్నం సన్యాసిరావు గారు క్యారేజీ విప్పి ఆవకాయన్నం కలిపారు. సరిగ్గా అప్పుడే డైరెక్టరు ఇందుమతి మేడం నూలు ఫైలు అడిగారు. ఎంగిలి చేత్తో ఫైలు ముట్టుకోవడం ఆయనకి మహాపాపం. ఎడంచేత్తో ఎలాగో ముడి విప్పి, "ఇదిగోనమ్మా, తీసి మేడంకి ఇచ్చీ. సటుక్కున మూసీ" అంటూ చెవి రత్నం చేతిలో పెట్టారు. పద్దెనిమిదేళ్లలో నన్ను ఇంకొక చెయ్యి తెరవడం అదే మొదలు. సొంత చెవి కనుక కాదనలేకపోయాను. ఆమె ఫైలు తీసి, పేరు సరిచూసి, రెండు క్షణాలు ఆగింది. ఆ రెండు క్షణాలూ నేను గుర్తుపెట్టుకున్నాను.

పదిరోజులకి నూలు మొర మీద దిగుమతిదారుల వకీలు నుంచి జవాబు వచ్చింది. అందులో మిల్లువాళ్ల తయారీ ఖర్చు పైసలతో సహా ఉంది. బీరువాలో తప్ప ఎక్కడా లేని అంకె! ఇందుమతి మేడం ఆ జవాబు పట్టుకుని తనే మా గదిలోకి వచ్చారు.

"చెవి నా మొల దాటింది ఒక్కసారే మేడం" అన్నారు సన్యాసిరావు గారు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడికి ఇచ్చినందుకు నాకు బుద్ధొచ్చింది."

మేడం ఫారం తీయించారు. "మీ నాన్నకి వలలున్నాయని నువ్వే రాశావు కదమ్మా."

"రాసింది నేనే కదా మేడం! దొంగతనానికొచ్చినదాన్ని అది రాసుకుంటానా?" రత్నం సన్యాసిరావు గారి వైపు తిరిగింది. కాలేజీ తెలుగు కాస్తా జారిపోయింది. "ఏటి సార్, అలాగనేస్తారు? నానేటీ తియ్యలేదు. ఫైలు మేడంకిచ్చీసి చెవి మీకిచ్చీసినాను."

ఎవరూ వినలేదు. ఇంటర్న్‌షిప్ ఆపేశారు. సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు. రహస్య సమాచారం బయటికి పొక్కిన విషయంలో మీ విద్యార్థిని మీద విచారణ నడుస్తోందని ఆమె కాలేజీకి ఉత్తరం కూడా వెళ్లిపోయింది. ఆ ఉత్తరం ఉన్నంతకాలం ఏ వకీలూ ఆ పిల్లని తన గుమ్మం ఎక్కనివ్వడు. నేను మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా అనుమానం గెలిచిందని గర్వపడ్డాను కూడా.

మర్నాడు పదింటికి రత్నం మళ్లీ వచ్చింది. ఇంటర్న్‌గా కాదు. మామూలు జనంలాగా కిటికీ దగ్గర అర్జీ నింపి, నూలు ఫైలు బహిరంగ ప్రతి చూడాలని రాసిచ్చింది. చట్టప్రకారం కాదనడానికి లేదు. సన్యాసిరావు గారు మొహం చిట్లించుకుని తలుపుల్లేని అరలోంచి ఫైలు తీసి ఇచ్చారు. ఆ వకీలు ఏం చూసి రాశాడో తనూ చూడాలనుకుంది కాబోలు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ గంటసేపు కూర్చుంది. ఉన్నట్టుండి ఒక కాగితం పైకెత్తి కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టింది. ఇదిగో, మళ్లీ దొంగచూపు మొదలైందనుకున్నాను.

"సార్, ఒక్కసారి ఇలాగ రండి" అంది.

నల్లసిరా పూత వెనక అంకెలు పైసలతో సహా కనబడుతున్నాయి.

అసలు పద్ధతేమిటంటే, అంకెల మీద సిరా పూసి, ఆ పేజీని జిరాక్స్ తీసి, జిరాక్స్ ప్రతినే అరలో పెట్టాలి. పూసిన కాగితం చింపెయ్యాలి. సన్యాసిరావు గారు స్కేలు పెట్టి ముచ్చటగా పూసేవారు. పూశాక నల్లగానే ఉంది కదా, మళ్లీ ఇంకో కాగితం దండగెందుకని పూసిన కాగితాన్నే పెట్టేసేవారు. ఎన్నేళ్లుగానో అంతే. నేను ఇనప తలుపు కాపలా కాస్తుంటే, రహస్యం పక్క అరలోంచి దర్జాగా అర్జీ పెట్టుకుని వెళ్లిపోతూ వచ్చింది.

ఆయన కాగితం తన చేత్తో పట్టుకుని చూశారు. ఇంకో పేజీ చూశారు. కుర్చీలో కూలబడి, "నాదేనమ్మా తప్పు" అన్నారు. గట్టిగానే అన్నారు, పక్క గదిలో మేడంకి వినబడేలా.

ఆఫీసు తక్షణం చర్య తీసుకుంది. ఏం చర్య అనుకున్నారు? బీరువాకి అంకెలు నొక్కే కొత్తరకం తాళం కొనాలని ఉత్తర్వు వేసింది! తప్పు కాగితానిది, ఉద్యోగం ఊడింది నాది. రత్నంతో మేడం, "సర్టిఫికెట్ ఇచ్చేస్తాంలే, ఇక వదిలెయ్యి" అన్నారు.

"సర్టిఫికెట్ సరే మేడం. కాలేజీకి వెళ్లిన ఉత్తరమో? నా మీద పడ్డ మాట ఎవరు తీస్తారు?"

మేడం తన గదిలోకి వెళ్లిపోయారు. సన్యాసిరావు గారు మాత్రం ఆ సాయంత్రమే ఆమె కాలేజీ పేర రెండు పేజీల ఉత్తరం సొంత దస్తూరీతో రాశారు. తప్పు తనదని, ఆ పిల్లది కాదని, దాన్ని పట్టుకున్నది కూడా ఆ పిల్లేనని రాసి, సంతకం పెట్టి, మేడం చేత ముద్ర వేయించారు. అలాంటి ఉత్తరం రాసిన సూపరింటెండెంటుని నేను మరొకణ్ణి చూడలేదు.

ఆమె ఆరు వారాల గడువు తీరే ఆఖరిరోజు ఆ ఉత్తరం, సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచారు. రత్నం రాగానే అందరి ముందూ నా చెవి ఆమె వైపు చాచారు. "నువ్వే తియ్యమ్మా. నీ చేత్తో తీసుకో" అన్నారు. అది ఆయన క్షమాపణ అని గదిలో అందరికీ తెలుసు.

రత్నం రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"మీరే తీసివ్వండి సార్. నేను ముట్టుకోను."

కోపంగా అనలేదు. ఒకసారి చెయ్యి కాలిన పిల్ల పొయ్యి దగ్గర అన్నట్టు అంది. సన్యాసిరావు గారు తనే బీరువా వైపు తిరిగారు. చెవి రెండుసార్లు పక్కకి జారింది. మూడోసారి పూర్తిగా తిప్పకముందే నేను తెరుచుకున్నాను. ఆమె కవరు తీసుకుని, ఉత్తరం ఆసాంతం చదువుకుని, ఆయనకి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు పాత సామాన్ల గదిలో, విరిగిన కుర్చీల మీద, నోరు తెరిచి పడి ఉన్నాను. వేలం వేస్తారట. ఇన్నేళ్లలో ఒక్క దొంగా నన్ను దాటలేదని ఎవరైనా అంటే అది నిజమే. కానీ నా దగ్గరికొచ్చిన ఒక నిజాయితీ గల చేతిని నేను దొంగదనుకున్నాను. దానికి నాకు సిగ్గుగా ఉంది.