కనుబొమ్మలు దిద్దిన రంగుల పెట్టె

నేను ఒక రంగుల పెట్టెను. ఆడవాళ్లు కనురెప్పలకు వేసుకునే రంగులు నాలో ఉంటాయి. షాపులో నన్ను ఐషాడో అంటారు. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, మూత వెనక అద్దం, చిన్న చిన్న రేకు గిన్నెల్లో అదిమిన పొడులు. ఫ్యాక్టరీలో మర ఒక్క నొక్కు నొక్కింది. దానికే మేం రాయిలా గట్టివాళ్లమని అనుకుంటారు. నిజానికి పొడులమే. ఎవరి చేతిలోంచైనా గచ్చు మీదికి జారితే అంతటితో సరి. అందుకే పుట్టిన దగ్గర్నుంచీ నాకు భయం. లారీలో కుదుపంటే భయం, పాలకొల్లు ఫ్యాన్సీ షాపులో ఎవరు అద్దాల బల్ల మీదికి వంగినా భయం.

నన్ను కొన్నది హిమజ. ఇంటర్ చదివే పిల్ల. మేనమామ పెళ్లికి అందరికంటే బాగా కనబడాలని కొంది. ఇంటికి తెచ్చి, మంచం మీద కూర్చుని, ఫోనులో ఎవరో చెబుతున్నట్టల్లా చేయబోయింది. వంగపండు రంగులో బ్రష్ ముంచి రెప్ప మీద ఒక్క రుద్దు రుద్దింది. మనుషులు ఒక రంగు ఎక్కువైందని తెలిస్తే దాన్ని కప్పడానికి ఇంకో రంగు వేస్తారు. ఆ పిల్లా అంతే. కాసేపటికి కన్ను వాచిపోయినట్టయింది.

పక్కన పడుకున్న వాళ్లమ్మ సత్యవేణి తల తిప్పి చూసింది. "ఎవరే కొట్టింది నిన్ను?"

"ఎవరూ కొట్టలేదమ్మా. ఫ్యాషను."

"అయితే రెండో కంటికి కూడా కొట్టించుకో. ఒక్కటే అయితే బాగోదు."

నవ్వుతూ ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. ఆ చేతికి పట్టు లేదు. పడిపోతానేమోనని నా ప్రాణం పోయింది. ఆవిడ మాత్రం నా అద్దంలో తన ముఖం చూసుకుంది. కనుబొమ్మ మీద వేలు ఆనించింది. మిగిలిన నాలుగు వెంట్రుకలూ వేలికే వచ్చాయి. 

సత్యవేణికి క్యాన్సరు. రాజమండ్రిలో వైద్యం జరుగుతోంది. ఆ సంగతి ఆవిడకు, భర్తకు, హిమజకు తప్ప ఎవరికీ తెలియదు. చుట్టాలకు పచ్చకామెర్లని చెప్పారు. పెళ్లి ఆవిడ తమ్ముడు సోమశేఖర్‌ది. తల్లి లేని ఆ పిల్లవాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. వాళ్లింట్లో మంగళసూత్రానికి మూడో ముడి పెళ్లికొడుకు అక్కే వేయాలి. జబ్బు సంగతి బయటపడితే పెద్దవాళ్లు, "పాపం, ఓపిక లేని మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు" అని మర్యాదగానే పక్కన కూర్చోబెడతారు. పెదనాన్న కూతురి చేత వేయిస్తారు. ఆవిడకు చావు గురించి ఎంత భయముందో నాకు తెలియదు, ఎప్పుడూ అనలేదు. ఆ ముడి వేయనివ్వరేమోనన్న భయం మాత్రం రోజూ నా అద్దంలో కనబడేది.

"జుట్టుకి విగ్గు దొరికింది. వీటికేం చేద్దాం?" అని నుదురు చూపించింది.

నాలో ఒక మూల గోధుమరంగు పొడి ఉంది. మెరుపు లేనిది. హిమజ అందులో సన్నటి బ్రష్ ముంచింది. మొదటిసారి గీసిన కనుబొమ్మలతో ఆవిడ దేనికో హడలిపోయినట్టు కనిపించింది. తుడిచి మళ్లీ గీస్తే ఎవరినో కొట్టబోతున్నట్టుంది. పిల్ల చెయ్యి వణుకుతోంది. ఆ వణుకంతా బ్రష్‌లోంచి నాలోకి వచ్చేది. పెళ్లి దగ్గరపడే కొద్దీ కాస్త కుదిరింది. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నా, మనిషి ముఖంలా ఉంది.

పెళ్లినాడు తెల్లవారుతూనే దిద్దింది. అన్నీ గుర్తు పెట్టుకుంది గాని, ముహూర్తానికి ముందు నలుగు ఉంటుందని తల్లికీ కూతురికీ ఇద్దరికీ తట్టలేదు. పెళ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టి నూనె, సున్నిపిండి రాస్తున్నారు. సత్యవేణి మేనత్త కూతురు కుసుమది పరాచికాల వరస.

"ఒక్క తమ్ముడికేనా? ఆడపడుచు గారికి ఒద్దేంటి? ఇలా రా ఒదినా!" అంటూ రెండు చేతులా పిండి తీసి ముఖాన పులిమేసింది. అందరూ ఘొల్లున నవ్వారు. సత్యవేణి చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. హిమజ వెనకే వచ్చింది. నేను ఆ పిల్ల చేతిసంచిలో ఉన్నాను.

గది తలుపు వేసేలోపు ఇంకొకరు లోపలికి వచ్చారు. కుసుమ తల్లి, తాయారమ్మ. ఏ పెళ్లిలోనైనా వంక పట్టందే ఆకు ముందు కూర్చోని మనిషి. చుట్టాలంతా ఆవిడ కళ్లకు జడిసేవారు. సత్యవేణి కొంగు దించింది. ఒక కనుబొమ్మ పూర్తిగా పోయింది, రెండోది చెంప దాకా కారింది.

తాయారమ్మ దగ్గరికొచ్చి, వెంట్రుక లేని ఆ కనుబొమ్మ చోట వేలితో తడిమింది.

"కామెర్లు కాదన్నమాట."

"అత్తా, ఒక్క ఇవాళ్టికి..." సత్యవేణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ముడి ఏశాక నువ్వే అందరికీ చెప్పు. ఏసేదాకా ఆగు."

హిమజ నన్ను సంచిలోంచి తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అప్పటిదాకా పగిలిపోవడం కంటే పెద్ద భయం ఉండదనుకున్నాను. ఆ గదిలో ఇద్దరూ ఆ ముసలావిడ పెదవుల వంక చూస్తుంటే, నా సంగతి నేను మరిచిపోయాను.

తాయారమ్మ వెళ్లి తలుపు గడియ పెట్టింది.

"ఏవే పిల్లా, పొద్దున్న గీసింది నువ్వేనా? అటోటీ ఇటోటీ. నా కూతురు తుడిచేసి మంచి పనే చేసింది. కూర్చో, సరిగ్గా గియ్యి."

బయట ఎవరో తలుపు కొట్టారు. "అత్తయ్యగారూ, ఒదిన లోపలుందాండీ?"

"చీర మార్చుకుంటందర్రా! మీరంతా కలిసి పిండిలో దొర్లించారుగా. పోండి అవతలికి!" అని తాయారమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆవిడ గొంతులో తేడా లేదు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ముహూర్తం వేళ నేను హిమజ చేతిలోనే ఉన్నాను. సోమశేఖర్ రెండు ముళ్లు వేసి పక్కకు జరిగాడు. సత్యవేణి ముందుకు వంగింది. మందులకు మొద్దుబారిన వేళ్లకు స్పర్శ తెలియక దారం ఒకసారి జారింది. మండపంలో ఎవరూ గమనించలేదు. తాయారమ్మ మాత్రం అక్షింతలు గుప్పిట్లో బిగబట్టుకుని కదలకుండా ఉంది. రెండోసారి ముడి బిగుసుకుంది.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ హిమజ నన్ను తెరిచేది. గోధుమరంగు తగ్గుతూ వచ్చి, గిన్నె అడుగున రేకు మెరవడం మొదలైంది. వానలు వచ్చేసరికి సత్యవేణి లేచి కూర్చోవడం మానేసింది. వానలు వెళ్లకముందే పోయింది.

పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు తురిమి, కొత్త చీర కప్పారు. ఇంటినిండా జనం. తాయారమ్మ అందరికీ వినబడేలా అంది. "హిమజా, నీ పెట్టె పట్టుకురామ్మా. మీ అమ్మకి కనుబొమ్మలు దిద్దు."

ఆవేళ పిండి పులిమిన కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

హిమజ తల్లి పక్కన కూర్చుంది. గిన్నె అంచులకు అంటుకున్న పొడిని బ్రష్‌తో గీకి తీసుకుంది. నేను ఆ చేతి వణుకు కోసం ఎదురు చూశాను. రాలేదు. ఎడమ వైపు గీసింది, కుడి వైపు గీసింది. రెండూ సమానంగా వచ్చాయి. ఆ పిల్ల వెనక్కి జరిగి, ఇటూ అటూ చూసింది. తుడవాల్సిందేమీ లేదు. అప్పుడు ఏడ్చింది.