అది పాలపిట్ట కాదు

సర్కారు నౌకరి పరీక్షలకు చదవడానికి స్వర్ణ అశోక్‌నగర్ హాస్టల్‌కు వచ్చాక ఇది ఆరో దసరా. ఊరికి పోతే జమ్మి ఆకు చేతిలో పెట్టే ప్రతివాళ్లూ "నౌకరి వచ్చిందా బిడ్డా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాటకు జడిసి మూడేళ్లుగా పండగలకు పోవడమే మానేసింది. ఉన్న గదికి ఒకటే కిటికీ, అది తీస్తే పక్క బిల్డింగ్ గోడ. గదుల మధ్య అడ్డుగా కొట్టిన ప్లైవుడ్ అవతల ఎవరు దగ్గినా ఇవతల నిద్ర పాడు. వచ్చే నెల ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్ష. ఇది పోతే ఇక వయసు కూడా దాటిపోతుంది.

ఆ పరీక్ష కోసమే పక్షుల గురించి చదివింది. ఎక్కడ? చిక్కడపల్లిలో తీయించిన జిరాక్స్ నోట్సులో. జిరాక్సులో ఏ పిట్టకు రంగుంటుంది? చిలుకా నలుపే, లకుముకీ నలుపే. అందుకని తల ఎంత, ముక్కు ఎలా ఉంది, తోక పొడవా పొట్టా అని ఆకారాలు బట్టీపట్టి, రంగులు పక్కన పెన్నుతో రాసుకుంది. ఈ ఆరేళ్లలో ఆమె చూసిన అడవి అదే.

పండగ పొద్దున పక్క మంచం రోజా చెయ్యి పట్టుకుని లాగింది.

"నారాయణగూడ మార్కెట్ కాడ ఒకాయన పాలపిట్టను తెచ్చిండంట అక్క. దసరా నాడు చూస్తే అనుకున్నది అయితదంటరు. జర లెవ్వు."

ఫ్లైఓవర్ కింద ఒకటే జనం. పంజరంలో పిట్ట ముడుచుకుని కూర్చుంది. స్వర్ణకు ఒక్క చూపు చాలింది. పెద్ద తల, బలమైన ముక్కు, ఛాతీ మీద తెల్లని సన్నగీతలు. పాలపిట్టే, అనుమానం లేదు. ఇంకొకటి కూడా కనబడింది. రెక్కల ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎగరకుండా గమ్ పూశాడు!

ఆమెకు ఒళ్లు మండింది. ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్లు వచ్చేలోపు వీడు ఇంకో గల్లీలో ఉంటాడు. వదిలెయ్యమంటే ఈ జనంలో వినేదెవరు? మొక్కేవాళ్లు పోతే వీడూ పోతాడు అనుకుంది.

"ఇది పాలపిట్ట కాదు," అంది గట్టిగా. "నీలం ఏడుంది? మట్టిరంగుంది చూడుండ్రి. మోసం చేస్తుండు."

కూర్చున్న పాలపిట్ట చాలావరకు మట్టిరంగులోనే ఉంటుందని, నీలం పట్టీలు రెక్క విప్పితేనే బాగా కనబడతాయని తన చేత్తో రాసుకున్నదే. అక్కడ ఇంకెవరికీ ఆ సంగతి తెలియదన్నదే ఆమె ధైర్యం. ఒకరిద్దరు వెనక్కి తగ్గారు కూడా.

కానీ పంజరం తెచ్చినాయనకు తెలుసు.

"కాదంటవా అక్క?" అంటూ లోపల చెయ్యి పెట్టి పిట్టను బయటికి తీశాడు. రెక్క కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. గమ్‌తో పాటు ఈకలూ ఊడాయి. పిట్ట కీచుమని అరిచింది. ముదురునీలం, లేతనీలం పట్టీలు ఎండలో మెరిశాయి.

"పాలపిట్టే!" అని జనం మొక్కారు. ఫోన్లు పైకి లేచాయి. రెండో రెక్క కూడా చూపించమన్నారు. చూపించాడు.

స్వర్ణకు ఏడుపొచ్చింది. ఆ అరుపు తన మాట వల్ల పుట్టిందే.

"మొక్కు అక్క, ఈసారి నీకు పక్కా వస్తది," అని రోజా మోచేత్తో పొడిచింది.

వద్దు వద్దనుకుంటూనే స్వర్ణ చేతులు జోడించింది. ఈ పిట్టలను కాపాడే ఉద్యోగం తనకు ఇప్పించమని, నెత్తురు కారుతున్న ఆ పిట్టనే వేడుకుంది.